2^136279841 − 1: అంకెల లెక్క, ఫైలు తనిఖీ, చేత్తో లూకాస్–లెహ్మర్

అనుమానం రావు · #1

2024 అక్టోబరు 21న గింప్స్ (మెర్సెన్ ప్రధానాలను, అంటే 2^పి − 1 రూపంలోని ప్రధాన సంఖ్యలను, వెతికే స్వచ్ఛంద బృందం) ప్రకటించిన ప్రధాన సంఖ్య 2^136279841 − 1 గురించి. ఘాతాంకం 13 కోట్ల 62 లక్షల 79 వేల 841. సంఖ్యలో 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు ఉన్నాయంటున్నారు. మూడు సందేహాలు:

ఒకటి, ఘాతాంకాన్ని 0.30103తో (2కి పది ఆధారపు లాగరిథం) గుణించి అంకెలు లెక్కపెడితే 41024321 వస్తోంది. ఒకటి ఎక్కువ. తప్పెక్కడ?

రెండు, సంఖ్య మొత్తం దశాంశంలో ఉన్న ఫైలు దింపుకున్నాను. మొత్తం మళ్లీ లెక్కకట్టకుండా అది సరైనదో కాదో తేల్చే దారేది?

మూడు, అసలు ప్రశ్న. ఇంత సంఖ్యను దేనితోనూ భాగించి చూడకుండా ప్రధాన సంఖ్య అని ఎలా రుజువు చేస్తారు? "కంప్యూటర్ తేల్చింది" అనే జవాబు వద్దు. కాగితం మీద చేసి చూసుకోగల నమూనా కావాలి.

---

పాత లాగ్‌టేబుల్ · #2

మొదటిది నాకు వదిలేయండి.

0.30103 అనేది ఐదు స్థానాలకు సవరించిన విలువ. అసలు విలువ 0.301029995663981… తేడా 4.3 × 10^−9. చూడ్డానికి ఏమీ కాదు. కానీ దాన్ని 13.6 కోట్లతో గుణిస్తున్నారు, అప్పుడది 0.59 అవుతుంది. మీకు 41024320.536 వచ్చింది, రావలసింది 41024319.94532. పూర్ణాంక భాగానికి ఒకటి కలిపితే 41024320 అంకెలు.

దశాంశ బిందువు తర్వాతి భాగం కూడా పారేయకండి, సంఖ్య మొదటి అంకెలు అందులోనే ఉంటాయి. 10^0.94532 = 8.817. మీ ఫైలు 881694327503… అని మొదలవ్వాలి.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. క్యాలిక్యులేటర్ చూపే తొమ్మిది స్థానాల విలువ 0.301029996 వాడారనుకోండి. అంకెల సంఖ్య సరిగ్గానే వస్తుంది. భిన్న భాగం మాత్రం 0.9911 అవుతుంది, అంటే సంఖ్య 9.79తో మొదలవుతుందని చూపిస్తుంది. సగం సరైన జవాబు కాబట్టి మోసపోవడం తేలిక. ఘాతాంకానికి ఎన్ని అంకెలో అన్ని స్థానాలు, మొదటి అంకెలు ఎన్ని కావాలో అన్ని, పైన ఒకటి రెండు. ఈ లెక్కన పదిహేను స్థానాలు తీసుకుంటే ఐదు అంకెల దాకా భయం లేదు.

కోడ్ రాసేవాళ్లకు ఒక మాట. ఘాతాంకాన్ని సింగిల్ ప్రెసిషన్ ఫ్లోట్‌లో పెట్టొద్దు. 2^27 దాటాక ఆ ఫ్లోట్ 16 చొప్పున గెంతుతుంది. 136279841 కాస్తా 136279840 అయి కూర్చుంటుంది. బేసి ఘాతాంకం సరి సంఖ్య అయిపోయాక ఇక ఏం వెతుకుతాం!

---

శేషం సున్నా · #3

ఫైలు తనిఖీకి మూడు మెట్లు. ఏ మెట్టులోనూ పెద్ద సంఖ్యతో పనిలేదు, ఫైలును ఒక్కసారి చదివితే చాలు.

మొదటి మెట్టు, చివరి మూడు అంకెలు. 1000 = 125 × 8 కాబట్టి ముందు 125తో శేషం కావాలి. 2 ఘాతాలు 125తో ప్రతి 100 మెట్లకూ తిరిగి మొదలవుతాయి, కాబట్టి ఘాతాంకంలో చివరి రెండంకెలు 41 చాలు. 2^7 = 128, శేషం 3. 2^14కి 9, 2^28కి 81. 2^35కి 81 × 3 = 243, అంటే −7. 2^41కి −7 × 64 = −448, అంటే 52. ఇక ఆ సంఖ్యని 8 నిశ్శేషంగా భాగించాలి. 52, 177, 302, 427, 552 లలో 8తో పోయేది 552 ఒక్కటే. ఒకటి తీసేస్తే 551. ఫైలు …486871551తో ముగియాలి.

రెండో మెట్టు, 999. అంకెలను మూడేసి చొప్పున విడగొట్టి ఆ మూడంకెల సంఖ్యలన్నీ కూడండి, మొత్తాన్ని 999తో భాగించండి. 2 ఘాతాలు 999తో 36 మెట్లకోసారి తిరుగుతాయి. 136279841ని 36తో భాగిస్తే శేషం 5. 2^5 − 1 = 31. మీకు 31 రావాలి.

మూడో మెట్టు, 1001. అవే ముక్కలను కుడి చివర నుంచి ఒకటి కూడి ఒకటి తీసేస్తూ పోండి. 1001 = 7 × 11 × 13. మన సంఖ్యకు 7తో శేషం 3, 11తో 1, 13తో 5. మూడూ కలిసే విలువ 122. రుణసంఖ్య వస్తే 1001 కలుపుతూ పోవాలి.

999 ఒక్కటే చేసి ఊరుకోకండి. పక్కపక్క ముక్కలు రెండు తారుమారైనా కూడిక మారదు కాబట్టి 999 పట్టుకోలేదు. 1001 పట్టుకుంటుంది. కానీ ఒకటి విడిచి ఒకటిగా ఉన్న ముక్కలు మారితే రెండూ పట్టుకోలేవు. దింపేటప్పుడు జరిగే నష్టం ఎక్కువగా ముక్క తెగిపోవడం, అంకె పోవడం కాబట్టి ఇవి సరిపోతాయి.

---

అనుమానం రావు · #4

999తో చేశాను. 31 రాలేదు, 4 వస్తోంది. ఫైలు పాడైనట్టేనా?

---

శేషం సున్నా · #5

4 వచ్చిందంటే దాదాపు ఖాయంగా ఫైలు మంచిదే, మీరు ఎడమ నుంచి విడగొట్టారు.

41024320ని 3తో భాగిస్తే 1 మిగులుతుంది. కుడి నుంచి విడగొడితే ఆ ఒంటరి అంకె ముందున్న 8. ఎడమ నుంచి విడగొడితే చివరి 1 ఒంటరిదవుతుంది, మిగతాదంతా ఒక స్థానం జరిగిపోతుంది. ఆ మిగతాది, అంటే (సంఖ్య − 1)/10, 999తో 3 శేషం ఇస్తుంది (10 × 3 = 30 = 31 − 1). దానికి చివరి 1 కలిపితే 4. తప్పు దారిలో వెళ్లినా సరైన తప్పు జవాబే వచ్చింది.

వరుస చివర ఉండే న్యూలైన్ గుర్తులను లెక్కలోంచి తీసేశారు కదా? వరుసకు వంద అంకెల ఫైలైతే 410243 నిండు వరుసలు, చివర 20 అంకెల వరుస ఒకటి ఉండాలి.

---

మడత127 · #6

మూడో ప్రశ్నకు వద్దాం. లూకాస్–లెహ్మర్ పరీక్ష. 2^పి − 1 ని ఎం అందాం, పి బేసి ప్రధాన సంఖ్య. 4తో మొదలుపెట్టండి. ప్రతి మెట్టులో వర్గం చేసి 2 తీసేయండి, ఎంతో భాగించి శేషం ఉంచుకోండి. పి − 2 మెట్లయ్యాక 0 వస్తే ఎం ప్రధానం. రాకపోతే కాదు. "బహుశా" అనేది ఇందులో లేదు.

పి = 7, ఎం = 127. ఐదు మెట్లు.

4
4² − 2 = 14
14² − 2 = 194 → 67
67² − 2 = 4487 → 42
42² − 2 = 1762 → 111
111² − 2 = 12319 → 0

అయిపోయింది, 127 ప్రధానం.

ఇప్పుడు అసలు కిటుకు. 4487ని 127తో భాగించనక్కర్లేదు. 128తో విడగొట్టండి: 4487 = 35 × 128 + 7. పై ముక్కను తెచ్చి కింది ముక్క మీద మడవండి: 35 + 7 = 42. 128 అంటే 127తో శేషం 1 కాబట్టి ఇది చెల్లుతుంది. 1762 = 13 × 128 + 98, మడిస్తే 111. బైనరీలో 128తో విడగొట్టడం అంటే ఏడు బిట్ల దగ్గర కత్తిరించడమే. పెద్ద సంఖ్యకూ అంతే. వర్గం చేశాక 27 కోట్ల బిట్లు వస్తాయి, 136279841వ బిట్టు దగ్గర కోసి, పై సగం కింది సగానికి కూడాలి. భాగహారం అనేదే ఉండదు. ఖర్చంతా వర్గం చేయడానికే.

సంయుక్త సంఖ్యకు ఏమవుతుందో కూడా చూడాలి. పి = 11, ఎం = 2047. తొమ్మిది మెట్లు:

4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736

సున్నా రాలేదు. 2047 = 23 × 89. ఆ 1736 చూసి 23, 89 కనిపెట్టలేమన్నది గమనించండి. ప్రధానం కాదని తెలుస్తుంది గానీ కారణాంకాలు తెలియవు.

---

కోడ్‌కాపరి · #7

మడత గారి నమూనాను కోడ్‌లో పెట్టేవాళ్లు మామూలుగా పడే గోతులు:

చివరి మెట్టులో 12319 = 96 × 128 + 31. మడిస్తే 96 + 31 = 127. సున్నా కాదు, 127! బైనరీలో అన్నీ ఒకట్లే. ఈ పద్ధతిలో సున్నాకు రెండు వేషాలు, అన్ని బిట్లూ 0 లేదా అన్ని బిట్లూ 1. సున్నాతో మాత్రమే పోల్చే కోడ్ 127 ప్రధానం కాదని చెబుతుంది. మిగతా లెక్కంతా సరిగ్గా ఉండి చివరి పోలికలో పోయే తప్పు ఇది.

ఒక మెట్టు ఎక్కువ తిప్పితే 0² − 2 = −2, అంటే 125 వస్తుంది. ఇంకోటి తిప్పితే 2. ఆ తర్వాత ఎన్ని తిప్పినా 2 దగ్గరే ఉండిపోతుంది. ఎం ప్రధానమయ్యే ఘాతాంకాలన్నిటికీ మీ ప్రోగ్రాం 2 చూపిస్తోందంటే లూపు పరిమితి చూసుకోండి.

2 తీసేయడం మరిచిపోతే 4, 16, 256… వస్తాయి. 2 ఘాతాలే, ఎప్పటికీ సున్నా కావు.

పి = 2కి ఈ పరీక్ష వర్తించదు. ఎం = 3ని విడిగా చేర్చుకోవాలి.

ఇంకో తనిఖీ చాలామంది వాడరు. చివరికి ముందు మెట్టు విలువ వర్గం 2 కావాలి కాబట్టి అది +2^((పి+1)/2) లేదా −2^((పి+1)/2) మాత్రమే అయ్యే వీలుంది. 127కి 111 అంటే −16, నిజంగానే −2^4. మొదలు 4 బదులు 10 పెట్టినా పరీక్ష చెల్లుతుంది: 10, 98, 77, 85, 111, 0. మళ్లీ అదే 111. మన పెద్ద సంఖ్యకు చివరికి ముందు మెట్టులో ఉండాల్సింది ±2^68139921. బైనరీలో ఒక్క బిట్టే వెలిగి ఉండాలి, లేదా ఒక్క బిట్టే ఆరి ఉండాలి.

---

అనుమానం రావు · #8

నమూనా బాగుంది, చేత్తో చేసి చూశాను. కానీ సున్నా వస్తే ప్రధానమని ఎందుకు నమ్మాలి? 127కి కుదిరింది కాబట్టి అన్నిటికీ కుదురుతుందంటే ఒప్పుకోను.

---

లెక్కలమారి · #9

ఒప్పుకోవద్దు కూడా. రుజువు ఒక పేజీకి మించదు.

ω = 2 + √3, దాని జంట ω′ = 2 − √3 తీసుకోండి. ω × ω′ = 1, ω + ω′ = 4. వర్గం చేసి 2 తీసేయడమంటే ω² + ω′² కట్టడమే. కాబట్టి కె మెట్ల తర్వాతి విలువ ω^(2^కె) + ω′^(2^కె). పి − 2 మెట్ల తర్వాత ఇది ఎంతో సున్నా శేషం ఇచ్చిందనుకుందాం. రెండు వైపులా ω^(2^(పి−2))తో గుణిస్తే, ω^(2^(పి−1)) = −1 అని వస్తుంది. ఇంకోసారి వర్గం చేస్తే ω^(2^పి) = 1.

ఇప్పుడు ఎం సంయుక్తమనుకోండి. దాని అతి చిన్న ప్రధాన కారణాంకం క్యూ. అప్పుడు క్యూ² ≤ ఎం. పై సమీకరణాలు క్యూతో శేషాల్లోనూ నిలుస్తాయి. అక్కడ ω ను 2^పి సార్లు గుణిస్తే 1, దాని సగం సార్లకు −1. అంటే ω ఘాతాలు 1కి తిరిగి రావడానికి పట్టే మెట్లు సరిగ్గా 2^పి, ఒక్కటి తక్కువ కాదు. కానీ ఎ + బి√3 రూపంలో క్యూతో శేషాలు మొత్తం క్యూ² మాత్రమే, సున్నా తీసేస్తే క్యూ² − 1. అన్ని వేర్వేరు ఘాతాలు అందులో ఇమడాలి: 2^పి ≤ క్యూ² − 1 ≤ ఎం − 1 = 2^పి − 2. కుదరదు. కాబట్టి ఎం ప్రధానం.

ఎక్కడ ముడి పడిందో చూడండి: ఎం + 1 = 2^పి. ఎంకి పక్క సంఖ్య కారణాంకాలు మనకు పూర్తిగా తెలుసు, ఒక్క 2 తప్ప ఇంకేం లేవు. ఈ సంఖ్యకున్న గుణాలన్నిటిలో పని చేసేది ఇదే. మడత కుదరడమూ దీనివల్లే, రుజువు ఇంత పొట్టిగా ఉండడమూ దీనివల్లే. పక్క సంఖ్యల కారణాంకాలు తెలియని మామూలు సంఖ్య అయితే ఎలిప్టిక్ కర్వ్ పద్ధతితో లక్ష అంకెల దగ్గరికి వెళ్లడమే మహా కష్టం. 2002లో కాన్పూర్ ఐఐటీలో అగర్వాల్, కయాల్, సక్సేనా ఇచ్చిన పద్ధతి ఏ సంఖ్యకైనా బహుపది కాలంలో (అంకెలు పెరిగేకొద్దీ సమయం అదుపులోనే పెరిగేలా) తేలుస్తుంది, సిద్ధాంతపరంగా గొప్ప ఫలితం. కానీ ఈ పరిమాణంలో దాన్ని ఎవరూ నడపరు. నాలుగు కోట్ల అంకెల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి ఇచ్చి ప్రధానమని రుజువు చేయమంటే చేతులెత్తేయడమే.

---

జీపీయూ బండోడు · #10

కాగితం నుంచి యంత్రానికి వెళ్దాం.

వర్గాలు 13.6 కోట్లు. ఒక్కో వర్గానికి ఒక మిల్లీసెకను పడితే సుమారు 38 గంటలు, ఐదు పడితే దాదాపు 8 రోజులు. బడి గుణకారంలో అయితే ఒక్క వర్గమే తెమలదు, కాబట్టి ఎఫ్‌ఎఫ్‌టీ (పెద్ద గుణకారాన్ని వేగంగా చేయించే ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్). సంఖ్యను ముక్కలు చేసి, ఎఫ్‌ఎఫ్‌టీ చేసి, ఒక్కో ముక్కను వర్గం చేసి, వెనక్కి తిప్పి, దగ్గరి పూర్ణాంకానికి సవరించి, హస్తాంకాలు జరపాలి.

ఉదాహరణకు 7864320 ముక్కలు తీసుకోండి. ముక్కకు 17.33 బిట్లు. బిట్టును మూడోవంతుగా కోయలేం కదా, అందుకని 2586401 ముక్కలకు 18 బిట్లు, 5277919 ముక్కలకు 17. కూడి చూడండి, సరిగ్గా 136279841 వస్తుంది. ఇలా పెద్దా చిన్నా ముక్కలు కలిపి, తగిన బరువులు వేసే పద్ధతి క్రాండల్, ఫాగిన్ 1994లో ఇచ్చారు. దానివల్ల మడత ఎఫ్‌ఎఫ్‌టీలోనే జరిగిపోతుంది, సున్నాలతో రెట్టింపు పొడవు నింపక్కర్లేదు. సగం పని మిగులు.

తప్పు జరిగేది సవరణ దగ్గర. డబుల్ ప్రెసిషన్‌లో 53 బిట్లే నమ్మదగ్గవి. ముక్కలన్నీ ధన సంఖ్యలే అయితే వర్గానికి 34.7 బిట్లు, 78 లక్షల పదాల కూడికకు ఇంకో 22.9, గరిష్ఠంగా 57 దాటుతుంది. పట్టదు. అందుకే ముక్కలను ధన, రుణ సంఖ్యలుగా సగం సగం పంచుతారు. అప్పుడు కూడికలో చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుని 44 బిట్ల చుట్టుపక్కల ఆగుతుంది. వెనక్కి తిప్పాక వచ్చిన విలువ పూర్ణాంకానికి ఎంత దూరంలో ఉందో ప్రోగ్రాం చూస్తుంది. 0.1, 0.2 పరవాలేదు. 0.4 దాటితే ముక్కల సంఖ్య పెంచాలి. 0.5 దగ్గరికొస్తే ఏ పక్క పూర్ణాంకమో చెప్పలేం. ఒక్క ముక్క ఒకటి అటూ ఇటూ అయినా రెండు మూడు వర్గాలకే సంఖ్య మొత్తం మారిపోతుంది, తర్వాతిదంతా చెత్త.

ఈ సంఖ్య విషయంలో మొదట చేసింది లూకాస్–లెహ్మర్ కాదు. గింప్స్ సభ్యుడు లూక్ డ్యూరాంట్ అద్దెకు తీసుకున్న జీపీయూల్లో, డబ్లిన్‌లోని ఒక ఎన్విడియా ఏ100 మీద 3 ఆధారంగా ఫెర్మా పరీక్ష (ఎం ప్రధానమైతే 3^(ఎం−1) శేషం 1 రావాలి) నడిచింది. అక్టోబరు 11న "బహుశా ప్రధానం" అంది. మర్నాడు శాన్ ఆంటోనియోలోని హెచ్100 మీద లూకాస్–లెహ్మర్ దాన్ని ఖరారు చేసింది. ఆ తర్వాత వేరే ప్రోగ్రాములతో, వేరే హార్డ్‌వేర్ మీద మళ్లీ చేశాకే ప్రకటన.

---

అనుమానం రావు · #11

> మొదట చేసింది లూకాస్–లెహ్మర్ కాదు

ఖచ్చితమైన పరీక్ష చేతిలో ఉండగా "బహుశా" చెప్పేది ముందెందుకు? పైగా 3 ఏంటి, 2 చాలదా?

---

శేషం సున్నా · #12

2 ఇక్కడ ఎందుకూ పనికిరాదు. పి ప్రధానమైతే ఎం − 1 = 2^పి − 2 ని పి భాగిస్తుంది. 2^పి శేషం ఎప్పుడూ 1. కాబట్టి 2^(ఎం−1) శేషం కూడా 1, ఎం ప్రధానమైనా కాకున్నా. 2047 ఈ పరీక్ష దర్జాగా పాసవుతుంది.

3తో అయితే: ఎం ప్రధానమైతే 3^(ఎం+1) = 3^(2^పి), శేషం 9 రావాలి. 3ని పి సార్లు వర్గం చేయడమే. 127కి: 3, 9, 81, 84, 71, 88, 124, 9. వచ్చింది. 2047కి పదకొండు వర్గాల తర్వాత 929. దొరికిపోయింది. సరదాకి 929ని 23తో భాగించండి, శేషం 9! 23 వైపు నుంచి చూస్తే అంతా సవ్యం. 89తో భాగిస్తే 39, అక్కడ బయటపడింది.

ఫెర్మాను ముందు పెట్టడానికి కారణం తప్పులు పట్టే తనిఖీ. అది మడత గారు చేత్తో చూపిస్తే బాగుంటుంది.

---

మడత127 · #13

గెర్బిచ్ తనిఖీ, 2017 నుంచి ఉంది. 127 మీదే చేద్దాం. వర్గాల వరుసకు పేర్లు: ఎక్స్0 = 3, ఎక్స్1 = 9, ఎక్స్2 = 81, ఎక్స్3 = 84, ఎక్స్4 = 71, ఎక్స్5 = 88, ఎక్స్6 = 124.

రెండు మెట్లకోసారి ఒక విలువ తీసి పక్క పుస్తకంలో గుణిస్తూ పోవాలి:

డి0 = 3
డి1 = 3 × 81 = 243 → 116
డి2 = 116 × 71 = 8236 → 108
డి3 = 108 × 124 → 57

ఇప్పుడు తనిఖీ. డి2ని రెండుసార్లు వర్గం చేసి 3తో గుణిస్తే డి3 రావాలి. 108 అంటే −19. వర్గం 361 → 107, అంటే −20. మళ్లీ వర్గం 400 → 19. 3 × 19 = 57. సరిపోయింది. ఎందుకంటే డి2లోని ప్రతి పదాన్నీ రెండేసి మెట్లు జరిపితే డి3లోని పదాలే వస్తాయి, మొదటి 3 ఒక్కటి తప్ప.

ఇప్పుడు కావాలని తప్పు చేద్దాం. ఎక్స్3ని 84 బదులు 85 అనుకోండి. ఎక్స్4 = 85² → 113. డి2 = 116 × 113 → 27. తనిఖీ మాత్రం 3 × 116^4 అంటుంది: 116 అంటే −11, వర్గం 121 → −6, మళ్లీ వర్గం 36, 3 × 36 = 108. 27 ఎక్కడ, 108 ఎక్కడ! దొరికింది. వెంటనే వెనకటి మంచి మెట్టుకు వెళ్లి అక్కణ్ణుంచి మళ్లీ మొదలు.

అసలు పరుగులో రెండు మెట్లకు బదులు 1000 మెట్లకోసారి గుణించి, పది లక్షల మెట్లకోసారి తనిఖీ చేశారనుకోండి. అదనపు ఖర్చు వెయ్యికి రెండు వంతులు. రోజుల తరబడి నడిచే లెక్కకు ఇంత చవకైన బీమా ఇంకోటి లేదు. లూకాస్–లెహ్మర్‌లో మధ్యలో ఆ "− 2" ఉండడం వల్ల ఈ గుణకారం ఆట కుదరదు.

---

కోడ్‌కాపరి · #14

లూకాస్–లెహ్మర్‌కి ఉన్న చిన్న తనిఖీ జాకోబీది. మొదటి మెట్టు నుంచి చివరిదాకా (విలువ − 2)కి ఎంతో జాకోబీ గుర్తు (సంఖ్యల జంటకు 1, −1 లేదా 0 ఇచ్చే లెక్క, వర్గంతో గుణిస్తే మారదు) −1 గానే ఉండాలి. కొత్త విలువ − 2 = పాత విలువ² − 4 = (పాత − 2)(పాత + 2). అందులో పాత + 2 అంతకుముందు విలువ వర్గం, కాబట్టి గుర్తు మారదు. తప్పు జరిగితే గుర్తు మారే అవకాశం సగం. అంటే సగం తప్పులు తప్పించుకుపోతాయి. అందుకే రెండోసారి చేసేటప్పుడు మొదలు విలువను కొన్ని బిట్లు పక్కకు జరిపి మొదలుపెడతారు. గణితపరంగా అదే లెక్క, కానీ ఎఫ్‌ఎఫ్‌టీలోకి వెళ్లే ముక్కలు పూర్తిగా వేరు, అదే తప్పు మళ్లీ జరగదు.

ఫెర్మా పరీక్షకు ఇంకో లాభం, రుజువు ఫైలు. పియెట్‌ర్జాక్ పద్ధతిలో దారిలోని 256 శేషాలు దాచుకుంటే (ఒక్కోటి 17 మెగాబైట్లు, మొత్తం 4.4 గిగాబైట్ల తాత్కాలిక జాగా), చివర తొమ్మిది శేషాల ఫైలు తయారవుతుంది, 153 మెగాబైట్లు. దాన్ని సరిచూసేవాళ్లు 13.6 కోట్ల వర్గాలకు బదులు 5.3 లక్షలు చేస్తే చాలు. డిస్కులో చోటు చూసుకోకుండా మొదలెడితే రుజువు తక్కువ మెట్లతో తయారవుతుంది, సరిచూసేవాళ్ల పని పెరుగుతుంది.

---

బిట్టు · #15

దీన్ని బ్యాంకు ఎన్‌క్రిప్షన్‌లో వాడతారా?

---

లెక్కలమారి · #16

వాడరు. ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్‌కి కావలసింది ఎవరికీ తెలియని ప్రధాన సంఖ్య. ఇది లోకమంతా తెలిసినది, పైగా తాళంచెవి బస్తాడు అవుతుంది. చిన్న మెర్సెన్‌లకు మాత్రం ఉద్యోగం ఉంది. క్రిప్టోగ్రఫీలో వాడే పి-521 అనే ఎలిప్టిక్ కర్వ్ 2^521 − 1 మీదే నడుస్తుంది. కారణం మడత గారు చూపిన మడతే, భాగహారం లేకుండా శేషం.

---

పాత లాగ్‌టేబుల్ · #17

భాగించి చూడలేదన్నది పూర్తి నిజం కాదు. పెద్ద పరీక్షకు ముందు చిన్న కారణాంకాల వేట ఉంటుంది. ఎంని భాగించే ఏ ప్రధానమైనా 2 × కె × పి + 1 రూపంలో ఉండాలి, 8తో శేషం 1 లేదా 7 రావాలి. 23 = 2 × 1 × 11 + 1, 89 = 2 × 4 × 11 + 1. మన పికి 8తో శేషం 1. కాబట్టి కెకి 4తో శేషం 0 లేదా 3 ఉంటేనే చూడాలి. కె = 1, 2 పనికిరావు. అసలు చూడాల్సిన మొదటి సంఖ్య 817679047, తర్వాతిది 1090238729. ఎనభై కోట్లకు లోపల ఒక్క సంఖ్యతోనూ భాగించే పనే లేదు! ఒక్కో అభ్యర్థికి 2^పిని ఆ చిన్న సంఖ్యతో శేషం కట్టాలి, పికి 28 బిట్లు కాబట్టి 27 వర్గాలు, అంతే. కారణాంకం దొరికితే రోజుల పని తప్పుతుంది. ఈ ఘాతాంకానికి దొరకలేదు, దొరకదు కూడా.

---

బిట్టు · #18

పైథాన్‌లో సంఖ్య వెంటనే వచ్చేసింది, కానీ ప్రింట్ చేయబోతే ఎర్రర్.

---

కోడ్‌కాపరి · #19

సంఖ్య కట్టడం పనేం కాదు, లోపల 13.6 కోట్ల ఒకట్లు, 17 మెగాబైట్లు. హెక్సాలో రాస్తే ముందు ఒక 1, తర్వాత 34069960 ఎఫ్‌లు. దశాంశంలోకి మార్చడమే పని. పైథాన్ 3.11 నుంచి 4300 అంకెలు దాటిన మార్పిడిని కావాలనే ఆపుతుంది, సిస్టమ్ మాడ్యూల్‌లో ఆ పరిమితిని సున్నా చేస్తే తొలగిపోతుంది. తొలగించాక పాత వెర్షన్‌లో కూర్చుంటే తెల్లవారదు. అంకెలు రెట్టింపైతే సమయం నాలుగింతలయ్యే పద్ధతి అది. 3.12లో మెరుగైంది. జీఎంపీ (పెద్ద సంఖ్యల లెక్కల కోడ్) ఆధారంగా ఉన్న లైబ్రరీ వాడితే సెకన్ల పని. అది సంఖ్యను సగానికి, సగాన్ని సగానికి విరుస్తూ మారుస్తుంది.

---

జీపీయూ బండోడు · #20

ఇంకో మాట. దీన్ని "52వ మెర్సెన్ ప్రధానం" అని రాసేస్తున్నారు. తెలిసినవాటిలో 52వది అనాలి. దీనికంటే చిన్న ఘాతాంకాలన్నీ పరీక్షించి సరిచూసేదాకా క్రమసంఖ్య ఖాయం కాదు. దీనికి ముందు తెలిసిన ఘాతాంకం 82589933, నిష్పత్తి 1.65. గణితవేత్త వాగ్‌స్టాఫ్ అంచనా ప్రకారం సగటున 1.48 రెట్లకు ఒకటి రావాలి, కాబట్టి ఈ ఎడం వింతేమీ కాదు.

పది కోట్ల అంకెల ప్రధానానికి ఈఎఫ్‌ఎఫ్ సంస్థ పెట్టిన బహుమతికి పరిగెత్తేవాళ్లు ఘాతాంకం 33.2 కోట్లు దాటాలి. వర్గాలు 2.44 రెట్లు, ఒక్కో వర్గమూ అంతకు కాస్త ఎక్కువ రెట్లు. మొత్తం ఆరింతల పైనే, ఒక్క ఘాతాంకానికి.

---

అనుమానం రావు · #21

కుడి నుంచి విడగొట్టి, న్యూలైన్లు తీసేసి మళ్లీ చేశాను. 999తో 31. 1001తో మొదట −879 వచ్చింది, 1001 కలిపితే 122. మొదలు 881694327503, చివర 486871551. 410243 నిండు వరుసలు, చివరి వరుసలో 20 అంకెలు. కాగితం మీద 2047 కూడా చేశాను, 1736 దగ్గరే ఆగింది. ఇప్పుడు పి = 13 మొదలుపెట్టాను, ఎం = 8191, పదకొండు మెట్లు.